గైడు కెమెరాకు చుక్క కనఁబడకుండుట

చిన్న దూరదర్శినులు నేఁడు సామాన్య గృహములకును చేరుచున్నవి. వానితో నాకాశమును చూచుటయేగాక ఛాయాచిత్రములు తీయవలెనను కోరిక మన బాలబాలికలలో పెరుగుట సంతోషింపఁదగినదే. కాని యీ యుత్సాహము తఱచుగా నొక చిన్న యడ్డంకియొద్ద నిలిచిపోవుచున్నది. గైడు కెమెరాను తగిలించి కంప్యూటరు ముందు కూర్చున్న బాలునకు నల్లని తెఱ తప్ప మఱేమియు కనఁబడదు. కెమెరా చెడినదని యింటివారు నిశ్చయించి మఱియొకటి కొందురు. లేదా సామగ్రినంతయు పెట్టెలో పెట్టి యటక యెక్కింతురు. అనేక సందర్భములలో కెమెరా చెడలేదనియు, నాభి మాత్రము కుదురలేదనియు మా యభిప్రాయము.

ఈ కెమెరా చేయు పని యేమి? భూభ్రమణమువలన నక్షత్రము సెకనుకు సుమారు 15 వికలల చొప్పున పడమటికి జరుగును. దూరదర్శినిని మోయు యంత్రము దాని ననుసరించి తిరుగునుగాని, పండ్లచక్రములలోని స్వల్పదోషములచేత నొకపరి ముందునకు, నొకపరి వెనుకకు తప్పును. అందుచే పెద్ద గొట్టము ప్రక్కన చిన్న గొట్టము నొకదానిని బిగించి, దానియందలి కెమెరాచే నొక చుక్కను కనిపెట్టుచు, తప్పినప్పుడెల్ల సరిదిద్దుదురు. పూర్వ మీ పని మనుష్యనేత్రమే చేసెడిది. 1887లో పారిసు నగరమున నారంభింపఁబడిన గగనపట నిర్మాణములో మన హైదరాబాదు నిజామియా వేధశాల దక్షిణ క్రాంతి 17 మొదలు 23 అంశలవఱకుఁ గల భాగమును వహించినది. అట్టి ఫలకములను తీయునపుడు పరిశీలకుఁడు జోడు దూరదర్శినిలో చుక్కను అడ్డుగీఁతలపై నిలిపి, రెప్ప వాల్పక కాచుకొనియుండవలసి వచ్చెడిది. ఆ కంటికి మాఱుగా వచ్చినదే గైడు కెమెరా.

కంటికిని కెమెరాకును భేద మొకటి కలదు. కన్ను కొంతవఱకు తన్ను తాను సరిపెట్టుకొనును. కెమెరాలోని ఫలక మట్లు చేయఁజాలదు. అది సరిగా నాభితలమునందే యుండవలెను. 50 మిల్లీమీటర్ల కటకమును, 200 మిల్లీమీటర్ల నాభ్యంతరమును గల గొట్టములో, మిల్లీమీటరునందలి రెండు మూఁడు నూఱవవంతుల తేడాయే చుక్కను మసకపఱచును. ఇఁక 4 మిల్లీమీటర్లు తప్పినచో చుక్కవెలుఁగు మిల్లీమీటరు వెడల్పుగల బిళ్లగా పరచుకొనును. 3.75 మైక్రాన్ల పిక్సెళ్లుగల ఫలకముపై నది యేఁబదివేలకు పైఁబడిన పిక్సెళ్లకు పంచిపెట్టఁబడును. ఒక్కొక్కదాని వంతునకు వచ్చు వెలుఁగు లేనట్లే! తెఱ నల్లగా నుండుట కిదియే కారణము.

ఇంత దూరము తప్పుట యేల? చూచుటకై చేయఁబడిన గొట్టములలో, చూపును ప్రక్కకు త్రిప్పు డయాగొనల్ అద్దమును, దానివెనుక నక్షికటకమును ఉండునని తయారుచేసినవారు తలఁతురు. ఆ యద్దము కాంతిమార్గములో సుమారు 7 సెంటీమీటర్లు తినివేయును. దానిని తీసి కెమెరాను నేరుగా దూర్చినయెడల ఫలకము నాభికి చాల ముందుగా నిలుచును. పొడిగింపు గొట్టము లేనిదే పని జరుగదు. మఱికొన్ని గొట్టములలో నిందుకు విపరీతము: నాభి గొట్టపుఁజివరనే పడును, కెమెరా యెంత లోపలికి నెట్టినను చాలదు. అట్టిచో గొట్టములోనికి పూర్తిగా దిగు సన్నని కెమెరా కావలెను. మొదటిది కొలఁది రూపాయలతో తీఱును, రెండవది తీఱదు. కావున కొనకముందే కొలుచుకొనుట మేలు.

కొలుచుట కేమియు ఖర్చు లేదు. గొట్టమును చంద్రునివైపు త్రిప్పి, వెనుక నూనె రాచిన పలుచని కాగితము పట్టి ముందువెనుకలకు జరుపవలెను. 200 మిల్లీమీటర్ల గొట్టములో చంద్రబింబ మించుమించు 2 మిల్లీమీటర్ల బిళ్లగా స్పష్టపడుచోటు నాభి. పదవ తరగతిలో కుంభాకార కటకముతోను క్రొవ్వొత్తితోను చేయు ప్రయోగమే యిది. ఆ ప్రయోగము మార్కులకొఱకు చేసి మఱచిన బాలుఁడే యింట దూరదర్శిని ముందు దిక్కుతోఁచక కూర్చుండుట మాకు వింతగాఁ దోఁచును. ఉపాధ్యాయులు క్రొవ్వొత్తికి బదులొక్కరాత్రి చంద్రుని వాడుదురేని బాగుండును.

ఆపైని పగటివేళనే ముప్పాతిక పని ముగించుకొనవలెను. కిలోమీటరు దూరమున నున్న నీళ్లట్యాంకునో, సెల్ టవరునో చూచి మర త్రిప్పినయెడల, నక్షత్రమునకు కావలసిన స్థానమునకును దానికిని 0.04 మిల్లీమీటరు మాత్రమే భేద ముండును. పగలు ఎక్స్‌పోజరు మిక్కిలి తగ్గింపవలెను. లేనిచో తెఱ తెల్లఁబడి మఱల గాభరా పుట్టును. సూర్యునివైపు గొట్టమును త్రిప్పరాదు, త్రిప్పనీయరాదు. ఈ విషయమున తలిదండ్రులు కఠినముగా నుండవలెను. రాత్రి ఎక్స్‌పోజరును ఒకటి రెండు సెకనులకు పెంచి లుబ్ధకునివంటి వెలుఁగుచుక్కతో నారంభించి, పిదప చిన్నచుక్కకు పోవలెను. పీహెచ్‌డీ2 అను కార్యక్రమము, పేరు పండితులను తలపించుచున్నను, ఉచితముగనే లభించును. అది చుక్కవ్యాసమును అంకెలలో చూపును. అంకె తగ్గినంతవఱకు త్రిప్పి, పెరుగ నారంభింపఁగానే కొంచెము వెనుకకు రావలెను.

చుక్కను బుద్ధిపూర్వకముగా మసకఁబఱచుటయే మేలని కొందఱందురు. వెలుఁగు కొన్ని పిక్సెళ్లపై పరచుకొన్నచో దాని మధ్యస్థానమును లెక్కించుట సులభమను మాట నిజమే. కాని చిన్నగొట్టములో గాలిచలనమువలనను, కటకదోషమువలనను ఆ మసక తనంతటదియే యుండును. మనము దానిని పెంచినచో చిన్నచుక్కలు మాయమై, యెంచుకొనుట కేమియు మిగులదు. ఈ సలహాను మేము సమ్మతింపము.

నాభి కుదిరినపిమ్మట బిగింపుమరను మెల్లగా బిగించి, చుక్క కదలలేదని యింకొకమాఱు చూచుకొని, గొట్టముపై సన్ననిగీఁత గీయవలెను. మఱునాఁటి రాత్రి పని ఆ గీఁతనుండియే మొదలగును.