పాయింట్లే డ్రైవర్‌కు కొలమానమా?



ఫార్ములా వన్ చరిత్ర గురించి రాసేటప్పుడు క్రీడా పుటల్లో ఇటలీ డ్రైవర్ లూకా బడోయెర్ పేరు ఎక్కువగా ఒకే సందర్భంలో వస్తుంది: 50 రేసులు నడిపినా ఒక్క పాయింటు కూడా తెచ్చుకోలేదని. లెక్క సరైనదే అయినా, దాన్నిబట్టి ఆయన సామర్థ్యాన్ని తేల్చేయడం అన్యాయం.

ఫార్ములా వన్‌కు ఆనాడు చివరి మెట్టుగా ఉన్న ఫార్ములా 3000 పోటీలో 1992 ఛాంపియన్‌గా నిలిచిన బడోయెర్‌కు 2009కి ముందు రేసుల్లో దక్కినవన్నీ మినార్డి, ఫోర్టి వంటి డబ్బు చాలని జట్ల కార్లే. 1993లో ఇమోలా రేసులో, వెనుక వరుసల నుంచి బయలుదేరే కారుతో ఆయన ఏడో స్థానంలో ముగించినా, అప్పట్లో మొదటి ఆరుగురికే పాయింట్లు ఇచ్చేవారు కనుక ఖాతాలో ఏమీ చేరలేదు. 2010 నుంచి వచ్చిన పద్ధతిలోనైతే ఆ స్థానానికి 6 పాయింట్లు.

1999లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో, వాన వస్తూ పోతూ ఉన్న ట్రాక్‌పై, బడోయెర్ మినార్డి కారును నాలుగో స్థానం దాకా తెచ్చాడు. ఇంకా 13 ల్యాపులు ఉండగా గేర్‌బాక్స్ చెడిపోయింది. ఆయన ఆ కారు పక్కనే కూలబడి ఏడ్చాడు. అదే జట్టుకు చెందిన మార్క్ జెనే ఆరో స్థానంతో ఒక పాయింటు సంపాదించాడు. ఆ రోజు చేతకానిది డ్రైవర్‌కు కాదు, యంత్రానికి.

తర్వాతి కాలంలో ఆయన ఫెరారీ జట్టుకు టెస్ట్ డ్రైవర్‌గా, అంటే రేసుకు ముందు కారును నడిపి దాన్నీ టైర్లనూ పరీక్షించే వ్యక్తిగా పనిచేశాడు. ఆ జట్టు డ్రైవర్ షూమాకర్ విజయాల వెనుక ఈ శ్రమ కూడా ఉన్నదన్నది మరువరాదు. 2009లో ఫెరారీ డ్రైవర్ ఫెలిపే మాసా గాయపడినప్పుడు, దాదాపు పదేళ్లుగా రేసు నడపని బడోయెర్‌ను, సీజన్ మధ్యలో టెస్టింగ్‌పై నిషేధం ఉన్నందున సరైన సాధన లేకుండానే, వాలెన్సియా, స్పా రేసుల్లో దింపారు. ఆయన వెనుకబడ్డాడని విమర్శకులు ఎగతాళి చేశారు. కానీ స్పాలోనే ఫోర్స్ ఇండియా కారులో రెండో స్థానం సాధించిన డ్రైవర్ ఫిసికెల్లా, వెంటనే అదే ఫెరారీలోకి వచ్చి అయిదు రేసుల్లో ఒక్క పాయింటూ సాధించలేకపోయాడన్న సంగతిని ఎవరూ పెద్దగా తలవరు.

కనుక డ్రైవర్‌ను అంచనా వేసే కథనాల్లో పాయింట్లతోపాటు ఆయన నడిపిన కారు స్థాయినీ, అదే జట్టు సహచరుడి ఫలితాన్నీ పక్కపక్కనే ప్రచురించాలని మనవి.

– ఒక పాఠకుడు, విజయవాడ