అవగాహన లేనిదెవరికి?

ఏటా ఏప్రిల్ 2 వస్తుంది. ప్రపంచ ఆటిజం అవగాహన దినమని 2008 నుంచి జరుపుతున్నారు. ఆ ఒక్కరోజు భవనాలకు నీలిదీపాలు వెలుగుతాయి, పత్రికల్లో వ్యాసాలు వస్తాయి. అన్నిటిలోనూ ఒకటే పల్లవి: "తల్లిదండ్రుల్లో అవగాహన లేదు, అందుకే పిల్లలను ఆలస్యంగా తీసుకొస్తున్నారు." ఈ మాటతోనే నా పేచీ.

మన ఇళ్ళల్లో జరిగేదేమిటో చూడండి. ఏడాదిన్నర బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. కావలసినదాన్ని వేలు పెట్టి చూపించడు. ఈ సంగతి అందరికన్నా ముందు తెలిసేది తల్లికే. ఆమె నోరు విప్పితే వచ్చే జవాబులు మనకు కంఠస్థమే. "వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళదాకా మాటలు రాలేదు." "మగపిల్లలంతే." ఇంకాస్త గట్టిగా అడిగితే, "నువ్వే సెల్లు చేతికిచ్చి పాడుచేశావు." ఇది పల్లెటూరి మూఢత్వమని తోసిపుచ్చకండి. తల్లి ప్రేమ చాలకపోవడమే ఆటిజానికి మూలమని 1967లో బెటల్‌హైమ్ అమెరికాలో పెద్ద గ్రంథమే ప్రచురించాడు. ఆ సిద్ధాంతం ఎప్పుడో కూలిపోయింది. తల్లిని బోనులో నిలబెట్టే అలవాటు మాత్రం కూలలేదు. ఆపైన ఇంట్లో పెళ్ళికావలసిన ఆడపడుచు ఉంటే, నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావన్న భయం. దీన్ని అజ్ఞానమంటే నేనొప్పుకోను. తెలుసుకున్నందుకు ఎంత మూల్యం చెల్లించాలో లెక్కగట్టుకున్నవారి వెనుకంజ ఇది.

డబ్బు లెక్క మరీ కఠినం. కూలికి వెళ్ళే దంపతులు బిడ్డను జిల్లా కేంద్రానికి తీసుకువెళితే ఇద్దరి కూలీ పోతుంది, బస్సు చార్జీలు అదనం. పరీక్ష ఉచితమే. కానీ ఆ తరువాత నెలల తరబడి, ఏళ్ళ తరబడి తిరగవలసిన శిక్షణ ఎవరి డబ్బుతో? ఏ ఆసరా అందనిచోట పేరు తెలిసి ఏం లాభమని ఒక తండ్రి అనుకుంటే, ఆయనకు ఉపన్యాసమిచ్చే అర్హత మనకు లేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఆటిజం ఉంది. సంచార వైద్యబృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. ఐతే మూడేళ్ళలోపు పిల్లలు రోజూ అంగన్‌వాడీలో కూర్చునేవారు కారు. వాళ్ళ బాలామృతం ఇంటికి వెళుతుంది. పైగా గ్రహణం మొర్రి చూడగానే కనిపిస్తుంది. ఆటిజం కొత్తమనిషి కంటికి ఐదు నిమిషాల్లో కనిపించదు. తల్లిని అడగాలి.

అడగడానికి సాధనమూ ఉంది. ఎం-చాట్ అనే ప్రశ్నావళికి 2014లో వచ్చిన సవరించిన రూపంలో ఉన్నవి 20 ప్రశ్నలే. 16 నుంచి 30 నెలల పిల్లలకు. జవాబు అవునో కాదో చెబితే చాలు. అది రోగనిర్ధారణ కాదు, జల్లెడ మాత్రమే. అనుమానం తేలినవారిని మళ్ళీ విడిగా అడిగి, ఆ తరువాతే నిపుణుల దగ్గరికి పంపాలి. మన టీకాల పట్టికలో 16-24 నెలల మధ్య డీపీటీ బూస్టరు, ఎంఆర్ రెండో డోసు ఉన్నాయి. టీకాకూ ఆటిజానికీ ఏ సంబంధమూ లేదు. ఆ వయసుకూ ఈ ప్రశ్నలకూ ఉంది. ఏఎన్‌ఎం ఆ రోజే వచ్చిన తల్లులందరినీ అడగవచ్చు. అందరినీ అడిగినప్పుడు ఏ ఒక్కరికీ మచ్చ అంటదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళనే చూడండి. అక్కడి శిశువైద్యుల సంఘం 18, 24 నెలల వయసులో పిల్లలందరినీ ఇలా పరీక్షించాలని 2007లోనే చెప్పింది. ఆ కాగితం నింపే తల్లి మన గుంటూరు అమ్మాయే కావచ్చు. విమానమెక్కగానే ఆమెకు అవగాహన పుట్టుకురాలేదు. అక్కడ ఎవరో అడిగారు, ఆమె చెప్పింది.

కనుక నేను కోరేవి మూడు. టీకా రోజున ప్రశ్నలడగండి. శిక్షణను మండలం దాకా తీసుకురండి. బిడ్డతో వచ్చిన రోజున పోయిన కూలీ కట్టివ్వండి. ఇవి జరిగాక కూడా తల్లిదండ్రులు రాకపోతే అప్పుడు వాళ్ళ అవగాహన సంగతి మాట్లాడుకుందాం. అందాకా ఆ నీలిదీపాల ఖర్చేదో బస్సు చార్జీలకిస్తే మేలు.