పాత నాణెం ఎవరికి చూపాలి?

భద్రాచలం అడవి అంచు పల్లెల్లో దున్నుతుండగా పాత నాణెం దొరికితే, నాణేలు తెలిసినవాడని పేరుపడ్డ పెద్దమనిషికే చూపుతారు. ఆయన వెల చెబుతాడు. ఏ చేనులో దొరికిందని మాత్రం అడగడు. పరబ్రహ్మశాస్త్రిగారి పెద్దరికం ఇలాంటిది కాదు. పాత కరీంనగర్ జిల్లా కోటిలింగాలలో దొరికిన నాణేలపై శాతవాహనుల తొలిరాజు చిముకుని పేరు ఆయన చదివారు. దొరికిన చోటు తెలిసింది గనుకనే తెలంగాణ చరిత్రకు అవి సాక్ష్యమయ్యాయి. కరగబెడితే మిగిలేదేమిటి, తులం లోహం!

1878 నాటి చట్టం ప్రకారం, భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలపాలి. దాస్తే జైలుశిక్ష. సర్కారు దాన్ని తీసుకుంటే లోహం విలువతోపాటు అందులో ఐదోవంతు అదనంగా ఇవ్వాలి. ఈ సంగతి రైతుకు చెప్పేవారే లేరు. పంచాయతీ ఆఫీసు గోడమీద రాయించడానికి ఏపాటి ఖర్చు?