లేడీ గోల్‌కి అడ్డొచ్చిన సంతకం

పిల్లాడు బడికి వెళ్లే మొదటి రోజు. అమ్మ ఇంట్లో ఉండాలి. మన ఇళ్లలో ఎవరికీ కొత్తగా అనిపించని మాట ఇది. 2015లో ఇదే మాట ఒక దేశపు జట్టు కెప్టెన్‌ని విమానం ఎక్కనీయకుండా ఆపేసింది.

ఆమె పేరు నిలూఫర్ అర్దలాన్. ఇరాన్ మహిళల ఫుట్‌సాల్ జట్టు నాయకురాలు. అప్పటికి ముప్పై ఏళ్లు. అభిమానులు ముద్దుగా పిలుచుకునే పేరు 'లేడీ గోల్'. ఆసియా స్థాయిలో మహిళల ఫుట్‌సాల్ ఛాంపియన్‌షిప్ మొట్టమొదటిసారి ఆ సెప్టెంబరులో మలేసియాలో జరగబోతోంది. పాస్‌పోర్టు కొత్తగా తీసుకోవాలి. దానికి భర్త ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోలేదు. కొడుకు బడిలో చేరే రోజున తల్లి దగ్గరుండాల్సిందే అన్నాడు. పోనీ, ఆటంటే ఏమిటో తెలియని మనిషా అంటే కాదు, స్వయానా క్రీడా విలేకరి!

ఆ రోజు బిడ్డను వేలు పట్టుకుని నాన్న తీసుకెళ్తే సరిపోయేది కదా అని మనకు అనిపించవచ్చు. కానీ ఇరాన్ చట్టం ప్రకారం పెళ్లయిన ఆడదానికి పాస్‌పోర్టు కావాలంటే భర్త రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆమె దేశం కోసం ఆడుతోందా, చుట్టపుచూపుగా వెళ్తోందా అన్నది చట్టానికి పట్టదు.

ఇలాంటివి మామూలుగా గడప దాటి బయటికి రావు. అర్దలాన్ మాత్రం నోరు విప్పింది. తాను వెళ్లాలనుకున్నది సరదాగా తిరిగి రావడానికి కాదనీ, దేశం జెండా ఎగరేయడానికేననీ చెప్పింది. ఇలాంటి ఇబ్బంది వచ్చినప్పుడు క్రీడాకారిణులు తమ హక్కును కాపాడుకునే దారేదో అధికారులే చూపించాలని అడిగింది. ఆమె లేకుండానే జట్టు మలేసియా వెళ్లింది. ఫైనల్లో జపాన్‌ని 1-0తో ఓడించి కప్పు గెలిచింది. దాన్ని అందుకోవాల్సిన కెప్టెన్ ఇంట్లో ఉండిపోయింది.

గోడల మధ్య ఆట

ఫుట్‌సాల్ అంటే హాల్లో ఆడే ఫుట్‌బాల్. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉండే గట్టి నేల. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఐదుగురు. బంతి అంతగా ఎగరదు, కాళ్ల దగ్గరే తిరుగుతుంది. రెండు సగాలు, ఒక్కోటి 20 నిమిషాలు. బంతి గీత దాటితే గడియారం ఆగుతుంది, అంటే ఆడిన ప్రతి నిమిషమూ నికరంగా ఆడినదే.

ఇరాన్‌లో ఆడవాళ్లకు ఈ ఆట దగ్గర కావడానికి కారణం దాని గోడలే. 1979 విప్లవం తర్వాత అమ్మాయిలు మైదానంలో, మగవాళ్ల కళ్లముందు ఫుట్‌బాల్ ఆడే వీలు పోయింది. హాలయితే తలుపులు మూసుకోవచ్చు. అలా 1990లలో అక్కడ మహిళల ఫుట్‌బాల్ మళ్లీ ఊపిరి పోసుకున్నది ఫుట్‌సాల్ రూపంలోనే. కట్టడి కోసం పెట్టిన గోడల లోపలే ఆ అమ్మాయిలు ఆసియాలో అందరికంటే మెరుగైన జట్టుగా తయారయ్యారు. 2018లో బ్యాంకాక్‌లో జపాన్‌నే 5-2తో ఓడించి మళ్లీ గెలిచారు.

అర్దలాన్ సంగతికి వద్దాం. ఆమె మాట ప్రపంచమంతా పాకింది. అదే ఏడాది నవంబరులో గ్వాటెమాలాలో అంతర్జాతీయ టోర్నీ వచ్చింది. ఈసారి న్యాయాధికారులు కలగజేసుకుని, భర్త అనుమతి లేకపోయినా వెళ్లిరమ్మన్నారు. ఆమె వెళ్లింది. బాగానే ఉంది. కానీ ఆ అనుమతి ఒక్క ప్రయాణానికే. చట్టం ఉన్నచోటే ఉంది. అడగాల్సిన పని తప్పలేదు, అడగాల్సిన మనిషి మాత్రం మారాడు. పారాలింపిక్స్ స్వర్ణ పతక విజేత, విలుకత్తె జహ్రా నెమతికి 2017లో ఎదురైనదీ ఇదే. 2021లో ఇటలీకి బయల్దేరాల్సిన ఇరాన్ మహిళల స్కీ జట్టు కోచ్ సమీరా జర్గారీకి ఎదురైనదీ ఇదే. ఇద్దరినీ ఆపింది భర్తలే.

ఆటగత్తె జీవితంలో ఒక టోర్నీ పోవడమంటే చిన్న సంగతి కాదు. ఇరవై నుంచి ముప్పై దాకా కాళ్లలో చురుకు ఉండే కాలం. సరిగ్గా పెళ్లి, పురుడు, పిల్లాడి బడి, అన్నీ వచ్చిపడేదీ ఆ కాలంలోనే. మగ ఆటగాడికీ పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు. కొడుకు బడి మొదలైందని అతని పాస్‌పోర్టు ఆపినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పోగొట్టుకున్నది మళ్లీ వస్తుందా అంటే, ఈ ఆటలో ఆడవాళ్లకు వచ్చిన అవకాశాలే బహు తక్కువ. మగవాళ్ల ఫుట్‌సాల్ ప్రపంచ కప్పును ఫిఫా 1989లో మొదలుపెట్టింది. ఆడవాళ్లకు మొదటి ప్రపంచ కప్పు జరిగింది 2025 చివర్లో, ఫిలిప్పీన్స్‌లో. మధ్యలో 36 ఏళ్లు! 2014 నుంచి 2021 దాకా వరసగా ఎనిమిదిసార్లు ప్రపంచంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైన బ్రెజిల్ అమ్మాయి అమాండిన్యా కూడా ముప్పై ఒకటో ఏట గానీ ప్రపంచ కప్పు మొహం చూడలేదు. ఫైనల్లో పోర్చుగల్‌ని 3-0తో ఓడించి బ్రెజిల్ ఆ కప్పు తీసుకెళ్లింది. ఇరాన్ జట్టూ ఆడింది. అర్దలాన్‌కి అప్పటికి నలభై దాటాయి.

"అది ఇరాన్‌లెమ్మా, మన దేశంలో అలాంటి చట్టం లేదుగా" అని పేజీ తిప్పేయబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఆ ప్రపంచ కప్పు జరిగిన ఏడాదే జూన్‌లో మద్రాసు హైకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. ఒక గృహిణి పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకుంటే, భర్త సంతకం తెమ్మని కార్యాలయం వాళ్లు అడిగారు. ఆ భార్యాభర్తల మధ్య అప్పటికే విడాకుల వ్యవహారం నడుస్తోంది. సంతకం ఎవరిచ్చేట్టు? పెళ్లయినంత మాత్రాన స్త్రీ తన ఉనికిని పోగొట్టుకోదనీ, పాస్‌పోర్టుకు భర్త అనుమతీ సంతకమూ అక్కర్లేదనీ కోర్టు తేల్చింది. చట్టంలో లేని ఆ సంతకాన్ని అంతవరకూ అడిగింది మాత్రం మన కార్యాలయమే.