నూనె ఒంటికి రాయండి, ముక్కులో పోయకండి

బోరబండ సైట్-3లో మా బంధువుల ఇంట ఈ మధ్య నలభై రోజుల పసిపాపను చూశాను. సాయంత్రం ఆరు దాటిందంటే ముఖం ఎర్రగా కందిపోయి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకొని, రాత్రి తొమ్మిది దాకా ఏడుపే. నీళ్ళు పోసే ముసలమ్మ వచ్చి, కాళ్ళు చాపుకొని కూర్చుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి ఒళ్ళంతా నువ్వులనూనె పట్టించింది. పాప ఏడుపు మాని ఆమె ముఖంలోకి చూసింది. నేనూ ముచ్చటపడ్డాను. మరుక్షణం ఆమె వేలు నూనెలో ముంచి బిడ్డ ముక్కులో చుక్కలు జార్చబోయింది. చేయి పట్టుకొని ఆపాను.

"ముప్పై ఏండ్ల సంది పోస్తున్న సారూ, ఒక్క పోరనికీ ఏం కాలే" అన్నది.

ఆమె అబద్ధమాడటం లేదు. ఆయాసం మొదలైన బిడ్డను ఎవరూ తిరిగి ఆమె వద్దకు తీసుకుపోరు, ఆసుపత్రికి తెస్తారు. ఆమెకు అందని లెక్క మా వార్డులలో ఉంటుంది.

నీటిచుక్క పొరబోతే బిడ్డ వెంటనే దగ్గుతుంది. నూనె అంత త్వరగా దగ్గు తెప్పించదు, నిశ్శబ్దంగా ఊపిరితిత్తులలోకి జారుతుంది. అక్కడ దానిని అరిగించుకొనే ఏర్పాటు లేదు. రోజూ రెండు చుక్కలు చేరి, ఆ భాగం వాచి గట్టిపడుతుంది. దీనినే లిపాయిడ్ న్యుమోనియా అంటాము. సూక్ష్మజీవుల వల్ల వచ్చినది కాదు కనుక యాంటీబయాటిక్‌లకు లొంగదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఇలాంటి రెండు నెలల బిడ్డకు వైద్యం చేశాను. మందులేమైనా వాడారా అని తల్లిని అడిగాము, లేదన్నది. ఆమె దృష్టిలో నూనె మందు కాదు గదా! ముక్కులో ఏమైనా పోశారా అని అడగాలని మాకు తోచినది తొమ్మిదవ రోజున. బిడ్డ దక్కలేదు. తప్పు ఆ తల్లిది అని నేను ఏనాడూ అనుకోలేదు.

అందుకని మర్దన మొత్తం మూఢాచారమని కొట్టిపారేసే యువ వైద్యులతో ఏకీభవించలేను. ఈ ఏడుపుకు 1954లో వెసెల్ అనే వైద్యుడు ఒక కొలత చెప్పాడు: రోజుకు మూడు గంటలకు మించి, వారానికి మూడు రోజులకు మించి, మూడు వారాలకు పైగా. ఆరు వారాల వయసులో ఉచ్ఛస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గిపోతుంది. కారణం ఇదమిత్థమని నేటికీ తేలలేదు. ఎలాగూ తగ్గేదే కనుక, ఆ సమయానికి ఏది వాడితే దానికే పేరు వస్తుంది. దిష్టి తీసినా అంతే! మర్దన మేలు చేసిందన్న పరిశోధనలు చిన్నవి. పైగా ఏడుపును లెక్కించినవారు చాలాసార్లు తల్లిదండ్రులే. కనుక అది కడుపునొప్పికి చికిత్స అని చెప్పను. బిడ్డకు ఊరట, తల్లికి ధైర్యం అంటాను. అది తక్కువేమీ కాదు.

మర్దనను వెక్కిరించే మేము రాసిచ్చినవి మాత్రం ఏపాటివి? డైసైక్లోమిన్ చుక్కలు నేనే ఎందరికో రాశాను. పసికందులలో అవి ఊపిరి ఆగేలా చేయవచ్చని 1980లలో తెలిసింది. ఆరు నెలలలోపు వాడరాదన్నారు. సిమెథికోన్ వట్టి తీపినీళ్ళ కన్నా మెరుగని రుజువు కాలేదు. గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండులో పుట్టింది. తొలినాళ్ళలో అందులో మద్యం కలిపేవారు. బిడ్డ ఊరుకున్నదంటే ఆశ్చర్యమేమున్నది?

2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో బేబీ ఆయిల్ కూడా బాలింతల చేతికి అందింది. మంచిదే. సీసా ఇచ్చినవారు దానిని ఎక్కడ పోయకూడదో కూడా నోటితో చెప్పాలి. ఆశా కార్యకర్తకు రెండు నిమిషాల పని అది.

పాలు తాగిన అరగంట, ముప్పావుగంట తరువాత, అరచేతులు వెచ్చజేసుకొని, కొబ్బరినూనెతో మెల్లగా రాయండి. పొట్ట మీద గడియారపు ముల్లు తిరిగే దిశలో తిప్పండి, పెద్దపేగు సాగే దారి అదే. మోకాళ్ళు మెల్లగా పొట్టకు ఆనించండి. బిడ్డ ముఖం తిప్పుకుంటే ఆపేయండి. జూబ్లీహిల్స్ మేడలలో వాడే ఖరీదైన ఆలివ్ నూనె కన్నా ఇది నయం. ఆలివ్ నూనె, ఆవనూనె చర్మపు పైపొరను బలహీనపరుస్తాయని పరిశోధనలు సూచించాయి. తలకిందులుగా వేలాడదీయడం, ఎగరేయడం, చెవులలో నూనె పోయడం, ఆముదం తాగించడం పనికిరావు. ఇక పొట్ట మీద వాతలు పెట్టడం వైద్యం కాదు, హింస.

పచ్చని వాంతి, మలంలో నెత్తురు, జ్వరం, గజ్జలో గట్టి ఉబ్బు, పాలు మానేసి మగతగా పడి ఉండడం — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నూనెగిన్నె పక్కన పెట్టి, ఆ పూటే నీలోఫర్‌కో, దగ్గరలోని పిల్లల ఆసుపత్రికో తీసుకువెళ్ళండి. పేగు మెలిపడిన బిడ్డకు మర్దన చేస్తూ కూర్చుంటే గంటలు చేజారిపోతాయి.

బోరబండ ముసలమ్మ నా మాటలన్నీ విని, గిన్నె పక్కన పెట్టింది. "మరి మాడుకు ఆముదం పెట్టుకోవచ్చా సారూ?" అని అడిగింది. గట్టిగా అదమకుండా పెట్టమ్మా అన్నాను.