కూలీలనే ఒక్క మాట

పలమనేరు చరిత్ర ఎత్తితే పెద్దమనుషులకు చల్లగాలే గుర్తొస్తుంది. దాదాపు 2,200 అడుగుల ఎత్తు, ఎండాకాలం తెల్లదొరల విడిది, 1911 దాకా ఉత్తరార్కాటు జిల్లా. సరే, దొరల బంగళాలకు మట్టి మోసిందెవురు? బెంగుళూరు రోడ్డుకు కంకర కొట్టిందెవురు? 'కూలీలు' అని ఒక్క మాటతో తేల్చేస్తారు. కంకర కొట్టినోళ్లలో మా అవ్వ ఉంది. ఆమెకు పేరుంది!

వీధుల పేర్లూ అంతే. అగ్రహారం కులం పేరు కాదా? దాన్నెవురూ మార్చమనరు. మా మాలపల్లె మాత్రం గాంధీ 1933లో 'హరిజన్' పత్రిక పెట్టినాక హరిజనవాడ అయింది, ఆనక కాలనీ అయింది. పేరు రెండుతూర్లు మారినా ఊరికి గజం దగ్గర కాలేదు.

ఈ యేడు నా ఎనిమిదో తరగతి పిల్లోళ్లకు పని పెట్టినా: మీ వీధి రోడ్డు ఎవురేసినారో అవ్వాతాతల్నడిగి, పేర్లతో రాసుకురండి.