మన ఊరు ‘ఇంటీరియర్’ కాదు

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

డిగ్రీలో చేరిన రోజు ఒక సార్ "ఏ ఊరు బాబూ?" అని అడిగారు. ఊరి పేరు చెప్పలేదు నేను. "చాలా ఇంటీరియర్ సార్" అన్నాను. మనలో ఈ మాట అననోళ్లు ఎంతమంది?

ఇంటీరియర్ అంటే ‘లోపలి’ అని అర్థం. ఇంటీరియర్ వాల్ అంటే లోపలి గోడ. మాటలో తప్పేం లేదు. కానీ మన ఏజెన్సీలో దాని వాడకం వేరు. టీచర్ ఎందుకు రాలేదు? ఇంటీరియర్. టవర్ ఎందుకు లేదు? ఇంటీరియర్. మా వదినకి నొప్పులొచ్చిన రాత్రి బండి కోసం ఫోన్ చేస్తే కూడా అదే మాట. చివరికి డోలీ కట్టి మోసుకెళ్లాం. డిక్షనరీలో ‘లోపలి’, మన దగ్గర మాత్రం ‘మేం రాం’ అని.

1935 చట్టం కింద విశాఖ, గోదావరి ఏజెన్సీలను ‘పార్షియల్లీ ఎక్స్‌క్లూడెడ్’ ప్రాంతాలన్నారు. అంటే కొంతవరకు బయట పెట్టినవని. అప్పుడు బయటోళ్లం, ఇప్పుడు లోపలోళ్లం! మనం మాత్రం ఉన్నచోటే ఉన్నాం. మాట మార్చింది వాళ్లు.

ఇంకోటి గమనించండి. 2015లో చింతపల్లి అడవుల్లో బాక్సైట్ కోసం జీవో 97 ఇచ్చినప్పుడు ‘అది ఇంటీరియర్, మనకెందుకులే’ అని ఎవరూ అనలేదు. మన పోరాటాలతోనే అది ఆగింది. మన అరకు కాఫీ పారిస్ దాకా పోతోంది. కొండ మీది సరుకు కిందికి దిగడానికి దూరం అడ్డు రాలేదు. అంబులెన్స్ పైకి రావడానికే అడ్డొస్తోందా?

మా నాయనమ్మకి మా ఊరే నడిమి. పాడేరే దూరం. ఆమె లెక్కే సరైనదని నాకిప్పుడు అనిపిస్తోంది.

అందుకే ఒక్క మాట. ఇకనుంచి అర్జీ రాసినా, ఇంటర్వ్యూలో చెప్పినా ‘ఇంటీరియర్ గ్రామం’ అనొద్దు. ఊరి పేరు చెప్పండి. తారు రోడ్డు ఎక్కడ ఆగిందో, అక్కణ్ణుంచి ఎన్ని కిలోమీటర్లు నడవాలో, ఆస్పత్రి ఎంత దూరమో అంకెల్లో రాయండి. ఇంటీరియర్ అంటే అదేదో మన ఊరి లోపంలా వినిపిస్తుంది. ‘ఆరు కిలోమీటర్లు రోడ్డు వెయ్యలేదు’ అంటే ఎవరి పని మిగిలిపోయిందో తెలుస్తుంది.

మీ ఊరి పేరు, రోడ్డు ఆగిన చోటు కామెంట్లో పెట్టండి. నేనూ పెడతాను.